గడువు దాటితే సున్నాయేనా? పిల్లలు చదువుని వాయిదా వేసేది బద్ధకంతోనా, భయంతోనా?

పర్లాకిమిడి మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు) – శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మా ఒడిశాలో దాన్ని ప్లస్ త్రీ అంటాం. చివరి సెమిస్టర్‌లో ఆనర్స్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. టాపిక్ చేతికిచ్చి మూడు నెలల టైమిస్తాం. అందులో రెండున్నర నెలలు ఎవరూ కనబడరు. చివరి వారం స్టాఫ్ రూము ముందు క్యూ కడతారు. చివరి రాత్రి జిరాక్స్ షాపువాడికి నిద్రుండదు. గడువు దాటాక "సార్, ఒక్క రెండ్రోజులు" అని ఫోన్లు మొదలవుతాయి.

సోమవారం మా డిపార్టుమెంటు మీటింగుంది. ఈసారి గడువు దాటితే సున్నా, ఇంక మాటల్లేవు అని తీర్మానం పెడుతున్నారు. కొత్తగా చేరిన లెక్చరర్లు ఒకరిద్దరు మాత్రం "బద్ధకం కాదు సార్, భయంతో రాయట్లేదు" అంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను: నేను సున్నా వైపు. టైముకి ఇచ్చిన అమ్మాయికీ, వారం తర్వాత తెచ్చినవాడికీ ఒకే మార్కులు వేసి, ఆ అమ్మాయి మొహం నేను చూడలేను.

కాకపోతే ఒక కుర్రాడి సంగతి కొరుకుడు పడట్లేదు. క్లాసులో ఏది అడిగినా ముందు చెప్పేది వాడే. ఒడియాలో అడిగితే ఒడియాలో, తెలుగులో అడిగితే తెలుగులో గడగడా చెబుతాడు. రిపోర్టు మాత్రం ఒక్క పేజీ రాయలేదు. వాణ్ణి బద్ధకస్తుడనడానికి నాకు నోరు రావట్లేదు. సరిహద్దుకి ఇటువాళ్ళూ అటువాళ్ళూ మీరేమంటారో చెప్పండి.

కాశీనగర్ కుర్రోడు – 9:31

మాస్టారూ, దండాలండి. మీ కాలేజీ కాదులెండి నాది, బతికిపోనాను.

బద్ధకమంటే ఏటండి, కాళ్ళు బారజాపుకొని హాయిగా తొంగోడమే కదా. మాకు ఆ హాయి ఎక్కడున్నాదండి? రాద్దామనే కూకుంటాను. లాప్‌టాప్ తెరుస్తాను. ముందు టైటిల్ పేజీ సేస్తాను. దానికి బోర్డరు పెడతాను. కాలేజీ లోగో నెట్‌లో ఎతుకుతాను, అది మసగ్గా ఉంటాది, ఇంకోటి ఎతుకుతాను. అక్నాలెడ్జ్‌మెంట్ రాసీసరికి రాత్రి పదకొండు. అప్పుడు "ఇంట్రడక్షన్" అని కొట్టి, దాని కింద గీత గీసి, ఫోన్ తీస్తాను. అంతే. రీల్స్ సూస్తున్నంతసేపూ లోపల పీకుతానే ఉంటాది. సూస్తే సుఖం నేదు, మానేస్తే సుఖం నేదు.

భయం అని మాత్రం అనకండి. నాది ఇసుగు. మాకిచ్చిన టాపిక్ "ఇండియన్ ఎకానమీలో బ్యాంకుల పాత్ర". సీనియర్లందరూ అదే రాసినారు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది, పేరు మార్చి ఇచ్చీవచ్చు. ఇచ్చినా ఎవులూ సదవరు. ఒక రిపోర్టులో అవే నాలుగు పేజీలు రెండుసార్లు బైండింగ్ అయిపోనాయి, అయినా మార్కులు పడ్డాయి. ఎవులూ సదవని దానికి నన్ను మేలుకోమంటే ఎలాగండి? మా మావయ్య పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు సేస్తాడు. ఆ పనోళ్ళ మీద రాయమంటే నానీపాటికి రాసీసుందును.

జయపురం రిటైర్డ్ – 9:58

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా దగ్గర మార్చి 31 అంటే మార్చి 31. ఏప్రిల్ 2న వచ్చి "సార్, ఇంట్రడక్షన్ దగ్గర ఆగిపోయాను" అంటే ఎవరూ వినరు.

పిల్లలకి టైము తెలీదని నేను నమ్మను. పరీక్ష ఫారం ఫైన్ లేకుండా కట్టే ఆఖరి తేదీ ఒక్కడూ మర్చిపోడు. పొద్దున్న అయిదింటికి గ్రౌండులో క్రికెట్‌కి లేస్తారు. తత్కాల్ టికెట్ పది గంటలకి తెరుచుకుంటే పదీ ఒక సెకనుకి వేలు నొక్కి ఉంటుంది. నచ్చినచోట కుదురుతోంది, నచ్చనిచోట కుదరట్లేదు. దీనికి భయమని, విసుగని పేర్లు పెట్టి ముద్దు చేస్తున్నాం. సున్నా వెయ్యండి మాస్టారూ. ఒక్క బ్యాచికి వేస్తే చాలు, తర్వాతి బ్యాచి దానంతటదే దారికొస్తుంది.

బరంపురం సైకాలజీ – 10:40

నేను సైకాలజీ చదివాను, ఒక కాలేజీలో కౌన్సెలింగ్ చూస్తాను. జయపురం మావయ్యగారి తత్కాల్ దగ్గరే మొదలుపెడతాను, మంచి ఉదాహరణ అది. తత్కాల్‌లో పని రెండు నిమిషాలు. టికెట్ వచ్చిందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. రాకపోతే రైల్వేని తిట్టుకుంటాం తప్ప మన తెలివిని ఎవరూ శంకించరు. ప్రాజెక్టు రిపోర్టుకి ఇందులో ఒక్కటీ వర్తించదు. ఫలితం మూడు నెలల అవతల ఉంటుంది, పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు, రాసింది చూస్తే మన సరుకు బయటపడుతుంది.

పీర్స్ స్టీల్ అనే ఆయన 2007లో అప్పటిదాకా వచ్చిన వందల పరిశోధనల్ని కలిపి లెక్కగట్టాడు. వాయిదా వేసే అలవాటుతో గట్టిగా ముడిపడ్డవి ఏమిటంటే: ఆ పని మీద విముఖత, ఫలితం దూరంగా ఉండడం, "నావల్ల అవుతుంది" అనే నమ్మకం తక్కువగా ఉండడం, ఎదురుగా ఏది కనబడితే దానివైపు ఉరికే స్వభావం. అన్నీ పర్ఫెక్ట్‌గా ఉండాలనే పట్టుదల వల్లే ఆలస్యం చేస్తాం అని చాలామంది చెప్పుకుంటారు కదా, ఆ సంబంధం మాత్రం అక్కడ చాలా బలహీనంగా తేలింది. ఇంటర్వ్యూల్లో "నా లోపం పర్ఫెక్షనిజం" అని చెప్పేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే మంచిది!

భయమా, విసుగా అన్న తగువు కూడా పాతదే. అమెరికాలో సాలమన్, రాత్‌బ్లమ్ 1984లో 342 మంది కాలేజీ విద్యార్థుల్ని అడిగారు. టర్మ్ పేపరు రాయడాన్ని దాదాపు ఎప్పుడూ వాయిదా వేస్తామని 46 శాతం ఒప్పుకున్నారు. కారణాలు విడదీస్తే ఒక చిన్న గుంపుకి ఓడిపోతామన్న భయం చాలా గట్టిగా ఉంది. అంతకంటే పెద్ద గుంపుకి ఉన్నది భయం కాదు, ఆ పని పొసగకపోవడమే. కాశీనగర్ తమ్ముడు రెండో గుంపు. మాస్టారు చెప్పిన కుర్రాడు బహుశా మొదటి గుంపు. ఇద్దరూ బయటికి ఒకేలా కనబడతారు, ఇద్దరి రిపోర్టూ రాదు. ఇద్దరికీ కలిపి ఒక్క మందు వేద్దామంటేనే చిక్కు.

ఇంకొక్కటి. తమ్ముడు రాసింది మళ్ళీ చదవండి. "ఇంట్రడక్షన్" అన్న మాట కొట్టగానే ఫోన్ తీశాడు. ఆ క్షణంలో లోపల ఒక చేదు లేస్తుంది. ఫోన్ తీయగానే ఆ చేదు కాస్త దిగుతుంది. దిగింది కాబట్టి రేపు కూడా చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. సిరోయిస్, పిచిల్ అనే పరిశోధకులు 2013లో వాయిదాని ఇలాగే వివరించారు: ఇప్పటి మనసు బాగుచేసుకోవడానికి రేపటి మనిషి మీద బరువు వెయ్యడం అని. అందుకే ఇలాంటి పిల్లలకి టైంటేబుల్ గీసి గోడకి అంటించినా అది గోడ మీదే ఉంటుంది.

గుణుపురం మెకానికల్ – 11:05

అక్కా, మీరు చెప్పిందంతా బాగుంది కానీ అందర్నీ రోగుల్ని చెయ్యకండి. నాకు ప్రెషర్ ఉంటేనే బుర్ర తిరుగుతుంది. రికార్డులన్నీ వైవాకి ముందు రాత్రే రాస్తాను, ఒక్క బ్యాక్ పేపర్ కూడా లేదు. ఇలా కావాలని ఆలస్యం చేసి పని పూర్తి చేసేవాళ్ళు వేరే జాతి అని 2005లో చూ, చోయి అని ఇద్దరు పేపరు కూడా రాశారు. యాక్టివ్ ప్రోక్రాస్టినేషన్ అంటారు. మా హాస్టల్లో సగంమంది అదే.

బరంపురం సైకాలజీ – 11:26

ఆ పేపరు నిజమే తమ్ముడూ. అందులో చెప్పినవాళ్ళు టైము తమ చేతిలో ఉంచుకుంటారు, ఆలస్యం వాళ్ళు ఎంచుకున్నదే, గడువుకి పని అయిపోతుంది. మీ హాస్టల్లో సగంమంది అదేనంటే మాత్రం నాకు నవ్వొస్తోంది. ఆ సగంలో ఎంతమంది నిజంగా ఎంచుకున్నారో, ఎంతమంది పనయ్యాక ఆ పేరు తగిలించుకున్నారో ఒకసారి లెక్కపెట్టు.

టైస్, బౌమీస్టర్ 1997లో ఒక సెమిస్టర్ పొడుగునా విద్యార్థుల్ని గమనించారు. సెమిస్టర్ మొదట్లో వాయిదా వేసేవాళ్ళు మిగతావాళ్ళకంటే హాయిగా, ఆరోగ్యంగా ఉన్నారు. చివరికొచ్చేసరికి వాళ్ళకే ఒత్తిడీ జబ్బులూ ఎక్కువయ్యాయి. మొత్తం కలిపి చూస్తే నష్టమే ఎక్కువ, మార్కులూ తగ్గాయి. రికార్డు అంటే ఉన్నది చూసి రాసేది, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఫైనలియర్ ప్రాజెక్టు అలా అవదు. డిగ్రీ చివర్లో థీసిస్ రాసే విద్యార్థుల్ని ఎన్నిరోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55కి పైన. చెప్పిన టైములో ముగించినవాళ్ళు దాదాపు 30 శాతం. బ్యూలర్, ఆయన సహచరులు 1994లో వేసిన లెక్క ఇది. మనం పని గురించి అంచనా వేసేటప్పుడు కరెంటు పోవడం, గైడు ఊళ్ళో లేకపోవడం, జ్వరం రావడం ఏవీ గుర్తురావు.

జయపురం రిటైర్డ్ – 11:40

చూశారా, సెమిస్టర్ మొదట్లో హాయి, చివర్లో జబ్బు. ఇది అచ్చం చేబదులు వ్యవహారం. ఈ రాత్రి సుఖం అప్పు తెచ్చుకోవడం, చివరి వారం చక్రవడ్డీతో కట్టడం. అప్పు ఎగ్గొట్టినవాడికి మళ్ళీ అప్పిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

అది అలా ఉంచితే, ఈ లెక్కలన్నీ అమెరికా పిల్లలవి కదా అమ్మా. అక్కడ హాస్టల్ గదికి హీటర్లు, పక్కనే లైబ్రరీలు. వాళ్ళ మనసుల గురించి రాసింది మన పిల్లలకి ఎంతవరకు అతుకుతుంది?

పాతపట్నం అమ్మ – శనివారం ఉదయం 6:20

నేను ఎప్పుడూ చదవడమే గాని ఇక్కడ రాయలేదు. తప్పులుంటే ఏమనుకోకండి.

మా అబ్బాయి పది దాకా పాతపట్నంలో, ప్లస్ టూ పర్లాకిమిడిలో చదివాడు. రెండింట్లోనూ స్కూలు ఫస్టు. మా వీధిలో ఎవరింట్లో పిల్లాడు చదవకపోయినా "పక్కింటి వాణ్ణి చూసి నేర్చుకో" అని మావాడినే చూపించేవారు. ఇప్పుడు దూరంగా ఇంజనీరింగ్. రెండు సెమిస్టర్ల నుంచి బ్యాక్‌లు. ఫోన్ చేస్తే "మొదలుపెట్టలేదమ్మా, మొదలుపెడితే అయిపోతుంది" అంటాడు. ఈ మాట నాకు అర్థం కాదు. అయిపోతుందని తెలిసినప్పుడు మొదలుపెట్టొచ్చు కదా. వాళ్ళ నాన్నగారు "తలకెక్కింది వీడికి" అంటారు. నాకు అలా అనిపించదు. పండక్కి వచ్చినప్పుడు చూశాను, వాడి మొహంలో పొగరు లేదు. మనిషి చిక్కిపోయాడు. రాత్రిళ్ళు నిద్రపోడు.

మాస్టారుగారూ, మీరు చెప్పిన కుర్రాడికి సున్నా వేసే ముందు ఒకసారి పిలిచి మాట్లాడండి. అంతే నేను చెప్పగలిగేది.

బరంపురం సైకాలజీ – 7:05

అమ్మా, మీరు బాగా రాశారు. ముందు ముఖ్యమైనది: నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, ఏదీ పట్టనట్టుండడం వారాలపాటు నడుస్తుంటే దాన్ని వాయిదా అలవాటు అనుకుని వదిలేయకండి. కుంగుబాటు ఉన్నప్పుడు కూడా పనులు ఇలాగే ఆగిపోతాయి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 2022 అక్టోబరు నుంచి ఉంది, నంబరు 14416, డబ్బులక్కర్లేదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. వాడు చెయ్యనంటే ముందు మీరు చేసి అడగండి.

ఇక "మొదలుపెడితే అయిపోతుంది" అన్న మాట. ఇన్నాళ్ళూ అందరూ వాడికి ఇచ్చిన బిరుదు "తెలివైనవాడు" అని. రాసి తక్కువ మార్కులొస్తే ఆ బిరుదు పోతుంది. రాయకుండా తప్పితే "రాయలేదు కాబట్టి పోయింది, రాసుంటే వచ్చేది" అనుకోవచ్చు, బిరుదు భద్రం. ఓడిపోవడానికి ఒక సాకు ముందే సిద్ధం చేసుకునే ఈ పద్ధతిని బెర్గ్లాస్, జోన్స్ 1978లోనే ప్రయోగం చేసి చూపించారు. వాడు కావాలని లెక్కలు వేసుకుని చేస్తున్నాడని కాదు. ఇది మనిషికి తెలియకుండా జరిగిపోతుంది. అందుకే ఇంట్లో "నువ్వు తలుచుకుంటే ఎంతలే" అనకండి. మంచి మాటే, కానీ అది ఆ బరువుని ఇంకాస్త పెంచుతుంది. "ఈరోజు ఎన్ని లెక్కలు చేశావు" అని అడగండి, రెండంటే రెండు.

జయపురం మావయ్యగారికి: అంకెలు వాళ్ళవే, ఆ 46ని తెచ్చి గంజాం జిల్లాకి అతికించమని నేను చెప్పను. చేదైన పని నుంచి చెయ్యి పక్కకి జారడం మాత్రం అమెరికాలో ఒకలాగా, కాశీనగర్‌లో ఇంకోలాగా ఉండదు. పని ఎందుకు చేదవుతుందనేది ఊరిని బట్టి మారుతుంది. అది ఇక్కడివాళ్ళే చెప్పాలి.

నాగావళి – 8:48

నేను చెబుతాను. రాయగడ దగ్గర ఊరు మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో పుస్తకాలు ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాను గాని బళ్ళో ఎవరూ నేర్పలేదు, అక్షరాలు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇది కూడా ఫోనుకి చెబితే అది టైప్ చేస్తోంది. మా క్లాసులో చాలామంది తెలుగువాళ్ళు ఇంట్లోవాళ్ళకి మెసేజ్ పెట్టాలంటే తెలుగుని ఒడియా అక్షరాల్లో రాస్తారు.

మాస్టారూ, మీ కుర్రాడు క్లాసులో గడగడా చెబుతాడన్నారు. నేనూ చెబుతాను. అదే ఇంగ్లీషులో రాయమంటే మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేస్తాను. తలలో ఉన్నదానికీ కాగితం మీద పడేదానికీ పోలికే ఉండదు. చదివితే అయిదో తరగతి పిల్ల రాసినట్టుంటుంది. అది ఎవరికి చూపించను? మా సార్‌కి ఒకసారి డ్రాఫ్టు ఇచ్చాను. తిరిగి రాలేదు. బాగుందో బాగోలేదో తెలీదు. ఆ తర్వాత రెండోది ఇవ్వాలంటే చెయ్యి ఆడలేదు.

ఇంకోటి. మీరంతా వాయిదా వాయిదా అంటున్నారు. సెలవులకి ఇంటికెళ్తే నాకు నీళ్ళు, వంట, తమ్ముడి హోంవర్కు. మా అమ్మ కూలికెళ్తుంది. రాత్రి తొమ్మిదికి పుస్తకం తెరిస్తే పదికి కళ్ళు మూతలు పడతాయి. ఇది వాయిదా కాదు కదా. చెయ్యగలిగీ చెయ్యకపోవడం వేరు, చేసే వీలు లేకపోవడం వేరు. మీ సున్నాకి ఆ తేడా తెలుస్తుందా? హాస్టల్లో రీల్స్ చూస్తూ ఆలస్యం చేసినవాడికీ నాకూ అదే సున్నా. వాడికి ఇంట్లోవాళ్ళు మళ్ళీ ఫీజు కడతారు. నా సంగతేంటి?

జయపురం రిటైర్డ్ – 9:20

తల్లీ, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. నీలాంటివాళ్ళకి వేరే రూలు పెట్టమను, నేను సంతకం పెడతాను. కానీ వేరే రూలు పెట్టగానే రీల్స్ చూసేవాడు కూడా "మా అమ్మకి ఒంట్లో బాగోలేదు" అని కాగితం తెస్తాడు. మా బ్యాంకులో ఈ కాగితాలు ఎన్ని చూశానో. అందుకే రూలు గుడ్డిగా ఉండాలంటాను.

గుణుపురం మెకానికల్ – 9:34

నాగావళి అక్క చెప్పిన డ్రాఫ్టు సంగతి మా దగ్గరా అంతే. ప్రాజెక్టు గైడు పేరు మొదటి పేజీలో ఉంటుంది, మనిషి వైవా రోజు కనబడతాడు. పిల్లల గడువు గురించి ఇన్ని మాటలు, డ్రాఫ్టు తిరిగి ఇవ్వడానికి లెక్చరర్లకి ఏ గడువూ లేదు.

పర్లాకిమిడి మాస్టారు – 10:15

ఆ దెబ్బ తగిలింది, కాదనను. యాభై మందికి పైన పిల్లలు, గైడ్లు ముగ్గురం. రిపోర్టులన్నీ ఒకే వారంలో వచ్చి పడితే అక్షరం అక్షరం చదివేవాణ్ణి నేను చూడలేదు. ఎవరూ చదవరని పిల్లలకి తెలుసు, అందుకే చివర్లో రాస్తారు. చివర్లో వస్తాయి కాబట్టి మేం చదవలేం. ఒకదాన్నొకటి మేపుతున్నాయి ఈ రెండూ.

ఇక అక్షరాల మాట. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన జీవితమంతా కొట్లాడారు. ఆ ఊళ్ళోనే పిల్లలు నోటితో చెప్పగలిగింది కాగితం మీద పెట్టడానికి జంకుతున్నారంటే నాకు కష్టంగా ఉంది.

సరే, సున్నా వద్దంటే ఏం చేయాలో చెప్పండి. జాలి మాటలు కాదు, సోమవారం మీటింగులో పెట్టగలిగేది కావాలి.

బరంపురం సైకాలజీ – 11:02

గడువు తీసెయ్యమని నేను ఒక్కసారి కూడా అనలేదు మాస్టారూ. డాన్ ఏరియలీ, వెర్టెన్‌బ్రోక్ 2002లో ఒక ప్రయోగం చేశారు. మూడు వ్యాసాల్లో తప్పులు వెతకాలి. తప్పు దొరికితే డబ్బులు, ఆలస్యమైతే కోత. ఒక గుంపుకి వారానికొకటి చొప్పున ఇమ్మన్నారు. ఒక గుంపుకి మూడూ చివరి రోజున ఇవ్వొచ్చన్నారు. ఇంకో గుంపుని తేదీలు మీరే పెట్టుకోమన్నారు. వారం వారం ఇచ్చినవాళ్ళు ఎక్కువ తప్పులు పట్టారు, ఆలస్యమూ తక్కువ. అన్నీ చివర్న ఇచ్చినవాళ్ళు అందరికంటే వెనక. తేదీలు తామే పెట్టుకున్నవాళ్ళు మధ్యలో ఉన్నారు.

గుణుపురం మెకానికల్ – 11:10

ఏరియలీ అంటే నకిలీ డేటా గొడవలో పేపరు వెనక్కి తీసుకున్నాయనే కదా?

బరంపురం సైకాలజీ – 11:18

ఆయనే. 2021లో వెనక్కి తీసుకున్నది 2012 నాటి పేపరు, ఫారం పైన ముందే సంతకం పెట్టిస్తే జనం నిజం చెబుతారా అన్నదాని మీద. ఇది వేరు. అయినా నువ్వు అనుమానపడ్డం మంచిదే. ఒక్క పేపరు చూసి రూలు మార్చమని నేనూ అనను. పెద్ద పనికి ఒక్కటే గడువు పెడితే అది దూరంగా ఉంటుందని, దూరంగా ఉన్నది మనల్ని కదిలించదని స్టీల్ లెక్క కూడా చెబుతోంది. గడువుని దగ్గరికి తేవాలంటే ముక్కలు చెయ్యాల్సిందే.

ఆ ముక్కల్లో మొదటిది చాలా చిన్నదై ఉండాలి, దానికి మీ జవాబు వెంటనే రావాలి. నాగావళి ఆగిపోయింది డ్రాఫ్టు తిరిగి రాకపోవడం వల్ల. "నావల్ల అవుతుంది" అనే నమ్మకం ఉపన్యాసాలతో రాదు, ఇచ్చిన అరపేజీ మీద "ఇది బాగుంది, ఇక్కడ అర్థం కాలేదు" అని రెండు ముక్కలు రాసి తిరిగిస్తే వస్తుంది. ఇంకో చిన్న సంగతి: "ఈ వారం రాస్తాను" అనే మాట పనిచెయ్యదు. "బుధవారం రాత్రి మెస్‌లో తిని వచ్చాక, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మీద, ప్రశ్నల జాబితా రాస్తాను" అని పిల్లల చేతే రాయించండి. ఎప్పుడు, ఎక్కడ, ఏది అయ్యాక అని ముందే కట్టుకున్న పని జరిగే అవకాశం ఎక్కువని గోల్విట్జర్ చాలా ఏళ్ళు పరిశోధించి చెప్పాడు.

ఇప్పటికే ఆలస్యమైనవాళ్ళని తిట్టడం తగ్గించండి. కెనడాలో మొదటి సంవత్సరం విద్యార్థుల మీద 2010లో చేసిన పరిశోధన ఉంది. మొదటి పరీక్షకి ఆలస్యంగా చదివి, తర్వాత "సరే, అయిందేదో అయింది" అని తమని తాము మన్నించుకున్నవాళ్ళు రెండో పరీక్షకి వాయిదాలు తగ్గించారు.

జయపురం రిటైర్డ్ – 11:31

మన్నించేసుకుంటే సరిపోతుందా అమ్మా? ఈ ఉపాయమేదో మా డిఫాల్టర్లకి తెలియలేదు పాపం.

వారం వారం గడువులు మాత్రం నాకు నచ్చాయి. రెండు రోజుల నుంచి నేను మొత్తుకుంటున్నదీ గడువు ఉండాలనే.

కాశీనగర్ కుర్రోడు – 11:44

మూడు గడువులంటే మూడు ఆఖరి రాత్రులండి, అదొక్కటే తేడా. నా సంగతి నాకు తెలుసు కదా. టాపిక్ మార్చకుండా తేదీలు ఎన్ని పెట్టినా, అదే సీనియర్ ఫైలుని మూడు ముక్కలు సేసి ఇస్తాను. అరపేజీకి మీరు జవాబు రాస్తే ఆ జవాబు కూడా సీనియర్‌కే సెందుతాది.

బరంపురం సైకాలజీ – 11:52

ఇతను చెప్పింది నా పోస్టుల్లో లేదు, ఉండాల్సింది. పనికి విలువ లేనప్పుడు మిగతా కిటుకులన్నీ పైపూతలే.

పర్లాకిమిడి మాస్టారు – మధ్యాహ్నం 2:30

అన్నం తిని కూర్చుని కాగితం మీద పెట్టాను. మీటింగులో పెట్టేది ఇదీ.

టాపిక్‌ల పాత జాబితా తీసేస్తాం. ఎవరి టాపిక్ వాళ్ళదే, మన చుట్టుపక్కలదే అయ్యుండాలి. కొమ్ము పనివాళ్ళ ఆదాయం, సంతలో కూరగాయల ధరలు, పలాసకి పోయే జీడిపిక్కలు, కూలికి వలస వెళ్ళినవాళ్ళు పంపే డబ్బు, ఏదైనా సరే. మూడో వారంలో అరపేజీ ఇవ్వాలి: ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎవరిని అడుగుతారు. చేతిరాతే. తెలుగైనా, ఒడియా అయినా, ఇంగ్లీషైనా, తెలుగుని ఒడియా అక్షరాల్లో రాసినా నాకు అభ్యంతరం లేదు, భాషకి మార్కులు లేవు. వారంలోగా మేం దాని మీద రాసి తిరిగివ్వాలి. ఇవ్వకపోతే వాళ్ళ తర్వాతి గడువు అన్ని రోజులు జరుగుతుంది. ఈ ముక్క దగ్గర మావాళ్ళు గొడవ చేస్తారని తెలుసు. రెండో నెల చివర్లో వాళ్ళు మాట్లాడిన మనుషుల నోట్సు చూస్తాం. ఇది సీనియర్ దగ్గర దొరకదు. ఆఖర్న రిపోర్టు. ఆలస్యమైతే రోజుకో మార్కు కోత, వారం దాటితే సున్నా.

ఇంట్లో పరిస్థితి బాగోనివాళ్ళు గడువుకి ముందే వచ్చి చెప్పాలి, కాగితాలు అడగను. ఎవడైనా అబద్ధం చెప్పి నెగ్గితే నెగ్గనివ్వండి, నాగావళి లాంటి ఒక్క పిల్ల ఫెయిలవడం కంటే అది నయం.

ఆ కుర్రాణ్ణి పిలిపించాను. సాయంత్రం వస్తానన్నాడు. రిపోర్టు ఊసెత్తను, క్లాసులో చెప్పినట్టే చెప్పమని ఫోన్లో రికార్డు చేస్తాను.

జయపురం రిటైర్డ్ – 2:52

రోజుకో మార్కు కోత బాగుంది, మా రోజుల్లో బ్యాంకులో గడువు దాటితే వేసిన అదనపు వడ్డీ, పీనల్ ఇంట్రెస్టు లాంటిది. వారం మాత్రం ఎక్కువ, మూడు రోజులు చాలు. కాగితం అడగననడం పెద్ద పొరపాటు. ఒక బ్యాచి అయ్యాక ఎంతమంది "ఇంట్లో పరిస్థితి" అన్నారో ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

కాశీనగర్ కుర్రోడు – 3:05

మాస్టారూ, మీ కాలేజీలో సీట్లేటైనా ఉన్నాయేటండి?

నాగావళి – 3:40

మాస్టారూ, ఒక్క మాట. అరపేజీకి సోమవారం గడువు పెట్టకండి. శని, ఆదివారాలు ఊళ్ళకెళ్ళేవాళ్ళం ఇంటిపనిలో పడతాం, సోమవారం పొద్దున్న బస్సు దొరికితేనే క్లాసుకి వస్తాం. అప్పుడు రాసింది ఎలా ఉంటుందో మీకు తెలుసు.

పర్లాకిమిడి మాస్టారు – 4:02

గురువారం అని మార్చానమ్మా. సాయంత్రం నాలుగింటి వరకు.